పోతా, పోయొస్తా

వేరుశనక్కాయలు ఒలుస్తూ అవ్వ కథ చెబుతోంది. మాంత్రికుడి గుహకు బయలుదేరిన రాకుమారుడు గడపలో నిలబడి, "అమ్మా, పోతా" అన్నాడట. నా చేతిలో కాయ అట్లే ఉండిపోయింది. మా ఇంట్లో దుకాణానికి వెళ్లినా "పోయొస్తా" అనాల్సిందే. ఉత్త "పోతా" అంటే ఇక రారని. భయంతో అవ్వ నోరు మూసేశాను. ఆ కథ అక్కడే ఆగింది.

చెన్నపట్నంలో అచ్చయిన కథల పుస్తకం ఒకటి చిన్నాయన కురిచేడు రైలుస్టేషన్లో కొని తెచ్చాడు. అందులోనూ గుహ ఉంది, రాక్షసుడి కోరల వర్ణన పేజీ నిండా ఉంది. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. "రాకుమారుడు గుహకు వెడలెను" అని పైకి చదివితే అవ్వ అడ్డుపడింది.

"వెడలెనంటే ఏందే? తిరిగొస్తాడా, రాడా?"

ఆ మాటలో అది లేదు. పెద్దయ్యాక నేనూ మాయల కథలు రాశాను. కోరలు ఎన్నయినా రాస్తాను కానీ, గడప దాటేవాడు ఏమంటాడన్న దగ్గర ఇప్పటికీ కలం కదలదు.

అవ్వ కథ ఆగిపోయిన ఆ ఎండాకాలమే నాయన గొర్రెలను మేపుకి నల్లమలకు తోలుకుపోయాడు. అడవిలో పులులున్న రోజులు. బయలుదేరేటప్పుడు ఒక గొర్రె వెనక్కి తిరిగింది. దాన్ని తిడుతూ, మా వైపు చూడకుండానే, "పోతా!" అని అరిచాడు.

అమ్మకు వినబడలేదు. నేను పెద్దారవీడు దారి పట్టుకుని, ముళ్లు గుచ్చుకుంటున్నా ఏడుస్తూ పరుగెత్తాను.

"ఏందే తల్లీ, ఏమైంది?"

"పోయొస్తా అను నాయనా."

నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "పోయొస్తాలేమ్మా" అన్నాడు నెత్తి మీద చెయ్యి పెట్టి.

అయినా భయం పోలేదు. మొదట అన్న మాట లెక్కా, తర్వాత అన్నదా? ఎవరైనా అడవి కబురు ఎత్తితే చెవులు మూసుకునేదాన్ని. వానలు పడ్డాక నాయన వచ్చాడు, గడ్డం పెరిగి, సగమై. వాకిట్లో ఆయన కాళ్లు కడుక్కుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

అప్పటికి గానీ ఆగిన కథ అడిగే ధైర్యం రాలేదు.

"అవ్వా, ఆ రాకుమారుడు తిరిగొచ్చినాడా?"

"యాడొస్తాడే? వాని యెనకాల ఎవురూ ఉరకలేదు గదా."