మల్లన్న డబ్బా, మామా డబ్బా

మీలో ఎవరైనా ట్రాక్టర్‌కు తీపి తినిపించారా? ఒక్కరైనా ఉంటే చెయ్యెత్తండి, నాకు తోడు దొరికినట్టుంటుంది. నేను తినిపించాను. అదీ కడప కాలేజీలో డిబేట్ కప్పులు మూడు గెలిచి, అన్నీ తెలుసనుకుని తిరిగే రోజుల్లో.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడాది చలికాలం అది. నేను మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. మా వీధి మొదట్లో చెక్‌పోస్ట్ పెట్టాక, ఇంటి పెద్దావిడ, మేం మామా అని పిలిచే ఆమె, మనవళ్ళనూ నన్నూ తీసుకుని కబ్ద్‌లో ఎడారి మధ్యన ఉన్న తోటకు వచ్చేసింది. అక్కడ అరవై మేకలు, ఒక బోరు, బోరు పంపును బెల్టుతో తిప్పే చిన్న ట్రాక్టర్, దాన్ని కన్నబిడ్డలా చూసుకునే జగిత్యాల మల్లన్న.

ట్రాక్టర్ తిరిగితేనే మాకు నీళ్ళు. దాని బ్యాటరీని సైనికులు ఎప్పుడో పీక్కుపోయారు. ఇక ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాల్సిందే. ఎడారి చలికి పొద్దున్నే ఆ హ్యాండిల్ మీద మనిషి ఎక్కి నిలబడినా కదలదు. లోపల ఆయిల్ పేరిన నెయ్యిలా అయిపోతుంది.

అందుకే మల్లన్న రోజూ సాయంత్రం ఆయిల్ మొత్తం ఒక పాత నెయ్యి డబ్బాలోకి దించి, తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టేవాడు. పొద్దున నిప్పుల మీద కాచి, వేలు ముంచి చూసి, మళ్ళీ ఇంజన్లో పోసేవాడు. రేడియేటర్‌లో రెండు చెంబుల వేడినీళ్ళు. నాలుగు తిప్పులకు బండి లేచేది.

నాకేమో వంటింట్లో ఆ డబ్బా ఉండటమే నచ్చలేదు.

"ఏందన్నా ఇది, రొట్టెలు చేసే చోట ఈ నల్ల నూనె?"

"చలికి గట్టిపడ్తది బిడ్డా. పొయ్యి కాడుంటే జర మెత్తగుంటది."

నేను ఊరుకుంటానా. మూడు పాయింట్లు చెప్పాను. ఒకటి, శుభ్రత. రెండు, వాసన. మూడు, ఎట్లాగూ పొద్దున కాచేదాన్ని రాత్రంతా వెచ్చగా ఎందుకుంచాలి? మల్లన్న తలగోక్కున్నాడు.

"నీ నోటికి నేనేడ సరిపోత? నువ్వే గెల్సినవ్ తియ్."

గెలిచాను కదా, వెంటనే అమలు చేశాను. ఆయిల్ డబ్బా తీసి స్టోర్ రూమ్ అరలో పెట్టాను. అక్కడ అచ్చం అలాంటి నెయ్యి డబ్బాలోనే మామా దిబ్స్ ఉంది. అంటే ఖర్జూరపు పాకం, నల్లగా, చిక్కగా. రొట్టె ముంచుకు తినడానికి ఇంట్లో మిగిలిన ఆఖరి డబ్బా. చలికి అదీ బిగుసుకుపోతోందని తెచ్చి పొయ్యి పక్కన పెట్టాను. ఎంత తెలివో చూడండి.

మరునాడు మల్లన్నకు జ్వరం. దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. డ్రమ్ములో రెండు బిందెల నీళ్ళే ఉన్నాయి. మేకలు ఖాళీ తొట్టిని నాకుతున్నాయి.

"నువ్వు పండుకో అన్నా, నేను చేస్తా."

"నీకు ఎర్కేనా?"

"ఇన్నాళ్ళూ చూస్తాండా కదా. పొయ్యి పక్క డబ్బా, అంతేనా?"

"అంతే బిడ్డా."

పొయ్యి పక్క డబ్బానే తీసుకున్నాను. డబ్బాలు మార్చింది నేనే అన్న సంగతి నాకు గుర్తే లేదు. నిప్పుల మీద పెట్టి కాచాను. మూడు రోజుల జలుబుతో నా ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉంది. వేలు ముంచితే బంకగా తగిలింది. పరవాలేదు, మల్లన్న మంచి సరుకే వాడుతున్నాడు అనుకున్నాను. మొత్తం ఇంజన్లో పోసేశాను.

హ్యాండిల్ పట్టుకున్నానో లేదో, మామా ఇంట్లోంచి గబగబా వచ్చింది. ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో నల్లగా కారుతున్న రొట్టె ముక్క.

"షినూ హాదా?" ఇదేంటని అడుగుతోంది. నయం, ఆవిడకు జలుబు లేదు. నోటి దాకా వెళ్ళిన రొట్టె అక్కడే ఆగింది.

ఆ గొడవకు మల్లన్న దుప్పటితోనే లేచొచ్చాడు. ఇంజన్ మూత దగ్గర ముక్కు పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"ఏం బిడ్డా, ట్రాక్టర్‌కు అరిసెలు చేస్తున్నవా?"

మూడు కప్పుల వక్త పోయి పాకం దించడానికి ఇంజన్ కింద బకెట్ పెట్టింది.

పాకాన్ని కరిగించేది వేడినీళ్ళే. ఉన్నవి రెండు బిందెలు, అవీ తాగడానికి. మామా ఇద్దరు మనవళ్ళ వైపూ, డ్రమ్ము వైపూ చూసి, "యల్లా" అంది, ఇక కానివ్వండని. రెండు బిందెలూ కాచి ఇంజన్ కడిగాం. తర్వాత డీజిల్‌తో ఇంకోసారి. ఆ తర్వాత మామా డబ్బాలోంచి రొట్టె తునకలు ఏరేసి, ఆయిల్ కాచి పోశాం. ఇప్పుడు బండి లేవకపోతే ఆ పిల్లల నోట్లో పొయ్యడానికి చుక్క నీళ్ళు లేవు. జ్వరంతో మల్లన్న ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి. పన్నెండో తిప్పుకో పదమూడో తిప్పుకో బండి దగ్గింది. ఆగింది. మళ్ళీ దగ్గింది. పైపులో నీళ్ళు పడిన చప్పుడు విన్నాక గానీ నేను ఇంజన్ దగ్గర్నుంచి కదల్లేదు.

"దిబ్స్ ఖలాస్," అంది మామా, అంతే. మనవళ్ళు మాత్రం ఆ చలికాలమంతా ఉత్త రొట్టె నములుతూ నన్నే చూసేవారు. మల్లన్న ఏ పని మొదలుపెట్టినా ముందు నన్ను పిలిచి, "మూడు పాయింట్లు జెప్పు బిడ్డా, అటెన్క షురూ చేద్దాం" అనేవాడు.

కాబట్టి చలికాలంలో ఇంజన్లు కాచే అన్నలారా, అక్కలారా, మిమ్మల్ని ఒకటే అడుగుతున్నా. పోసే ముందు మూత తీసి వాసన చూడండి. ముక్కు పని చెయ్యని రోజు మాత్రం, దయచేసి నోరు కూడా మూసుకోండి.