అత్త చెయ్యి, తొలిచూరు బర్రె

నా చిన్నప్పుడు, బచ్చన్నపేట దగ్గర మా ఊళ్లో, మా తొలిచూరు బర్రె ఈనింది. ఇంటిల్లిపాదీ పాల కోసం ఎదురు చూస్తుంటే అది పొదుగు దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. ఒక తన్నుకు మా అమ్మ చేతిలోని చెంబు ఎగిరి పెంటకుప్పలో పడింది. ఇంకో తన్నుకు మా బాపే వెల్లకిలా పడ్డాడు. వెనక కాళ్లకు తాడుతో బందం వేస్తే మరింత బెదిరింది. దూడను కూడా తాగనివ్వకపోవడంతో ఆ పసిదాని డొక్కలు లోపలికి పోయాయి.

"ఇగ నా వశం కాదు. వచ్చే అంగడికి తోలుకపోయి అమ్ముత," అన్నాడు బాపు.

అప్పుడే మహదేవపూర్ నుంచి మా మేనత్త వచ్చింది. బాపుకు అక్క. గలగలా మాట్లాడే మనిషి. సంగతి విని, "జర ఆగు తమ్మీ, నేను చూస్త," అని కొంగు నడుములో దోపుకుంది.

నేరుగా బర్రె దగ్గరికి పోతుందనుకుంటే, గడప మీద కూర్చున్న నా దగ్గరికొచ్చి ఉన్నట్టుండి నా పాదం గట్టిగా పట్టుకుంది. నేను కెవ్వుమని కాలు లాక్కున్నాను. అత్త పకపకా నవ్వి, ఈసారి నా భుజం మీద చెయ్యి వేసింది. ఏవో ముచ్చట్లు చెబుతూనే ఆ చేతిని వీపు మీదుగా, మోకాలి మీదుగా మెల్లగా పాదం దాకా తెచ్చింది. కాలు లాక్కోవాలని నాకు అనిపించనే లేదు.

"చూసినవా బిడ్డా? నీకే గట్లుంటే, నోరులేనిది ఎట్ల ఊకుంటది?"

తరవాత బర్రె బందం విప్పి వాకిట్లోకి తెచ్చింది. దాని ధ్యాస అడుగుల మీదికి మళ్లాలని నేల మీద రెండు వెదురు కర్రలు పరిచి, వాటి నడుమ దాన్ని నడిపించింది, ఆపింది, మళ్లీ నడిపించింది. అది తాడు గుంజితే తాను గుంజలేదు, ఊరకే నిలబడింది. మెడ మీద అరచేత్తో గుండ్రంగా రుద్దింది. చెవులను మొదలు నుంచి చివరి దాకా నిమిరింది. సాయంత్రానికి బర్రె కళ్లు అరమూసింది. అప్పుడు పొదుగు తాకితే ఒక పక్క గట్టిగా, వేడిగా ఉందట.

"దీనికి పొగరు లేదు తమ్మీ, నొస్తున్నది. డాక్టర్‌ను పిలువు."

పశువుల డాక్టర్ వచ్చి మందిచ్చాడు. ఆయన పొదుగు చూస్తున్నంతసేపూ అత్త దాని చెవులు నిమురుతూనే ఉంది. ఆ తరవాత చెవులు నిమరడం నా పని, వేడి నీళ్ల గుడ్డతో కాపడం పెట్టడం అత్త పని.

వాపు తగ్గాక ఒక పొద్దున ముందు దూడను వదిలి, అమ్మను పీట మీద కూర్చోబెట్టింది అత్త. బాపు పరుగెత్తడానికి సిద్ధంగా గోడ దగ్గరే నిలబడ్డాడు. బర్రె నెమరేస్తూ కదలకుండా నిలబడి పాలు చేపింది. చెంబులో నురుగు పొంగింది.

"బాపూ, అంగడికి ఎప్పుడు పోతున్నవ్?" అని అడిగాను.

"పోత. దీని మెడకు గంట తేవద్దా?" అన్నాడు ఎటో చూస్తూ. అందరం నవ్వాం.

ఇప్పుడు నేను అమ్మమ్మను. సూదికి భయపడే మనవణ్ణి దవాఖానలో ఒళ్లో పట్టుకోవాలన్నా, అలిగి గోడ వైపు తిరిగిన మనవరాలికి జడ వేయాలన్నా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. భయమో అలకో ఎక్కడుందో చూసుకుని, దానికి కాస్త దూరం నుంచి మొదలుపెడుతుంది.