కమాన్‌కు రెండు పట్టీలు

ఎనభైల్లో ఒక పొద్దున మా బావ టాక్సీకి పాసింగ్, అంటే ఏటేటా జరిగే సర్కారు తనిఖీ, ఉంది. ఇన్‌స్పెక్టరు చూసి ముద్ర కొడితేనే బండి మళ్లీ రోడ్డెక్కేది. లేదంటే అక్కా బావల ఇల్లు గడవదు. భోజనాల వేళకు ఆ తనిఖీ ఆఫీసు గేటు మూసేస్తారు.

మా చాలీలో గదులు అద్దెకున్నవాళ్లు గణపతి పండక్కని కామాటిపురలో మా గల్లీ మొదట్లో వెదురు కమాన్ కట్టారు. టాక్సీ లోపలే ఉండిపోయింది. దాని నెత్తి మీద వెల్డింగ్ చేసిన క్యారియర్ ఆ కమాన్ కింద పట్టదు.

"బామ్మర్దీ, కమాన్‌కు రెండు పట్టీలు తీయించు, జల్దీ!" అని కేకేసి బావ స్నానానికి పోయాడు.

మా నాన్నది ఫాక్‌లాండ్ రోడ్డులో గిన్నెల దుకాణం. పుట్టగానే మంత్రసానితో బేరమాడానని అక్క నన్ను ఏడిపించేది. అందుకే ఇంట్లో ఎవరి చేత ఏ పని చేయించాలన్నా నన్నే పంపేవారు.

మా దగ్గర పండగ ద్వారమూ కమానే, బండి వెనక బరువు మోసే ఇనప పట్టీల కట్టా కమానే. బావ చెప్పింది ద్వారానికి అడ్డంగా కొట్టిన చెక్క పట్టీల మాట. నాకు తట్టింది బండి మాట. ఇనప పట్టీలు తీస్తే బండి కిందికి దిగుతుంది, దిగితే గల్లీ దాటుతుంది. బావ తెలివికి మనసులోనే దండం పెట్టి, గల్లీలోనే బండ్లు బాగుచేసే పాలమూరు మిస్త్రీని పట్టుకున్నాను.

"మంచిగున్న బండిని ఎందుకన్నా కూలేస్తవు?" అన్నాడతను.

"తీసుడే గదా, పెట్టుడు లేదు. సగం పని, సగం పైసలు."

"నీతోని మాట్లాడుడు కన్న తీసుడే సుకం."

తీసిన ఇనుము అతనికి వదలబుద్ధి కాక డిక్కీలో వేయించాను. బావ వచ్చేసరికి మిస్త్రీ బండిని కమాన్ దాటించి రోడ్డు మీద నిలబెట్టాడు. "శభాష్" అని నా వీపు చరిచి, గల్లీ కమాన్ కేసి చూడకుండానే బావ స్టీరింగ్ పట్టాడు.

గుంత వచ్చినప్పుడల్లా కింద దభీమని మోత.

"ఏందిరా ఈ సప్పుడు?"

"రోడ్డే అసుంటిది బావా."

నాగ్‌పాడా దగ్గర నూనె వాసన కొట్టింది. బావ దిగి వెనక్కి చూశాడు. మేం వచ్చిన దారంతా నల్లటి చుక్కలు. బండి కిందికి వంగి చూసినవాడు అలాగే ఆగిపోయాడు.

"పట్టీలేవిరా?"

"నువ్వే తీయించమంటివి గదా!"

"గల్లీ కమాన్‌కురా, దున్నపోతా! బండికెవడు చెప్పిండు?"

బండి దిగడంతో వెనక ఇరుసు పైకి వచ్చింది. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే పొడవాటి షాఫ్టుకు చోటు చాలలేదు. కుదుపు తగిలినప్పుడల్లా అది లోపలికి పొడుచుకుపోయి, నూనె కారకుండా ఆపే సీల్‌ను చింపేసింది.

దగ్గర్లో ఉన్న బండి కమాన్‌ల దుకాణంలో బండిని జాకీ మీద లేపారు. డిక్కీలోని పట్టీలు మళ్లీ ఎక్కిస్తుంటే నేను సీల్ కోసం పరుగెత్తాను. దుకాణదారు ధర చెప్పగానే అలవాటు చొప్పున "సగానికియ్యి" అనేశాను. అతను సీల్‌ను తిరిగి డబ్బాలో పెట్టేశాడు. గడ్డం పట్టుకుని బతిమాలి, అడిగిన దానికన్నా ఎక్కువిచ్చి తెచ్చుకున్నాను.

మేం చేరేసరికి కాపలావాడు గేటు మీద చెయ్యి వేశాడు. బావ బండి ముక్కు లోపలికి తోసేశాడు.

ఇన్‌స్పెక్టరు వంగి గేర్‌బాక్స్ చివర వేలితో రుద్దాడు. వేలు నల్లగా వచ్చింది.

"హే కాయ్?" ఇదేమిటని అడిగాడు.

"సీల్ ఇప్పుడే మార్చినం సాహెబ్. పాత నూనె తుడవలే," అని బావ మరాఠీలో చెప్పుకున్నాడు. అతని ఇస్త్రీ చొక్కా నిండా నూనె మరకలే.

"తుడువు. ఒక చుట్టు తిప్పి తీసుకురా."

బావ ఆ చోటు తుడిచి, ఆవరణలోని గతుకుల మీదుగా బండిని తిప్పి తెచ్చాడు. ముగ్గురం గొంతుక్కూర్చుని కిందికి చూశాం. సీల్ అంచున ఏదో మెరిసింది. నూనో, వెలుతురో తెలియలేదు. ఇన్‌స్పెక్టరుకు ఏదో ఒకటి చెప్పి ఒప్పిద్దామని నేను నోరు తెరిచాను. బావ నా మోకాలు పట్టి నలిపేశాడు.

ఇన్‌స్పెక్టరు మళ్లీ వేలు పెట్టి రుద్దాడు. వేలికి ఉత్త దుమ్మే అంటింది. దాన్ని ప్యాంటుకు తుడుచుకుంటూ లేచి, ముద్ర ఎక్కడ పెట్టానా అని జేబులు వెతుక్కున్నాడు.