గుంజీళ్ళ మరునాడు

పోలీసు ఉద్యోగానికి సాధన చేస్తున్న మా ఆడబిడ్డ, చాలా రోజుల విరామం తర్వాత మైదానానికి పోయి, ఎండలో స్నేహితురాళ్ళతో పోటీ పడి గుంజీళ్ళు తీసింది. మరునాటికి తొడలు రాళ్ళలా బిగుసుకున్నాయి. వేణ్ణీళ్ళు కాచి పోశాను. ఆ సాయంత్రం గోడ పట్టుకుని వచ్చి నా చెవిలో చెప్పింది.

"వదినా, ఒంటికి పోతే టీ డికాషన్ మాదిరి వస్తాంది. అన్నకు చెప్పొద్దు."

వేడి చేసిందేమోనని సబ్జా నీళ్ళిచ్చాను. "తర్వాత తాగుతాలే" అని పక్కన పెట్టింది. మెట్టు దిగలేక కూలబడటం చూసి ఆటో పిలిచాను.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించింది. "రక్తం ఉన్నట్టు చూపిస్తాంది గానీ, మైక్రోస్కోపులో రక్తకణాలు కనపల్లేదే! పాము గానీ కరిచిందామ్మా? కొన్ని పాములు కరిచినా ఇట్లే అయితాది."

"కరిచింటే మైదానంలో ఇంకా బాగా ఉరికేదాన్ని మేడం!" అంది మా ఆడబిడ్డ.

డాక్టరమ్మ నవ్వుతూనే తొడ నొక్కి చూసింది. మాత్రలేమైనా వేసుకున్నావా, జ్వరమొచ్చిందా అని ఒక్కొక్కటే అడిగింది. గుంజీళ్ళ సంగతి విన్నాక రక్తం తీయించింది. చితికిన కండరాల రంగే మూత్రంలో దిగుతోందట. అది మూత్రపిండాలను పాడుచేయకముందే కడిగెయ్యాలంది.

"ఆ పొద్దు నీళ్ళు తాగినావా?"

లేదని తల అడ్డంగా ఊపింది మా పిల్ల. అవి ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాలు. మేమంతా పొద్దుగూకేదాకా ఉపవాసముంటాం, నీళ్ళు మాత్రం తాగుతాం. ఉద్యోగం రావాలని ఆమె పగలు నీళ్ళు కూడా ముట్టనని దేవునికి మాటిచ్చిందట.

తెల్లారాక, సెలైన్ ఎక్కుతున్నా, నీళ్ళ గ్లాసు అందిస్తే మొహం తిప్పుకుంది. "మాట తప్పితే ఉద్యోగం రాదేమో వదినా."

"నిన్ను చేసినోడే నీ మూత్రపిండాలు గూడా చేసినాడు. వాటికి నీళ్ళు కావాలని ఆయనకు తెల్దా? తాగు తల్లీ."

ఏడుస్తూనే తాగింది.

ప్రతిసారీ మూత్రం సీసాలో పట్టి రంగు చూడమంది నర్సు. మా పిల్ల సిగ్గుతో దుప్పటి కప్పుకునేది. ఇంట్లోనే అక్షరాలు నేర్చుకున్న నాకు రిపోర్టుల్లో ఇంగ్లీషు అర్థం కాదు. రంగు మాత్రం తెలిసేది. డికాషన్ పోయి బెల్లం నీళ్ళయింది. ఒక ఉదయం సీసాలోంచి కిటికీ ఊచలు కనిపించాయి. మూత్రపిండాలు క్షేమమని డాక్టరమ్మ కూడా చెప్పింది. ఆ కిటికీ దగ్గరే కళ్ళు మూసుకున్నాను.

"ఏం చేస్తాండావు వదినా, ఆడ నిలబడి?"

"ప్రార్థన."

"సీసా పట్టుకొనా! ఎవరన్నా చూస్తారు, పారబొయ్యి."

పారబోసి వచ్చేసరికి, తనే గ్లాసులోకి నీళ్ళు వంపుకుంటోంది.