పావుగంట ఆగిన జీపు

ఈ ప్రయాణం నేను సరదాకు చేసింది కాదు. మా పాత పెట్రోలు జీపులోంచి పాయింట్లు పీకించి, వాటి బదులు ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టించుకోవడానికి బెంగళూరు దాకా పోయి వచ్చాను. పావగడ వైపు పాత బండ్లు తోలేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి దారీ తెన్నూ రాస్తున్నాను. ఎందుకు పోయానో కూడా రాయాలి, లేకపోతే రాసి ప్రయోజనం లేదు.

పాయింట్లంటే ఇంజను పక్కన డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉండే రెండు చిన్న లోహపు బిళ్లలు. అవి కలిసి విడిపోతుంటేనే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. దుమ్ము పడినా, చెమ్మ తగిలినా మొరాయిస్తాయి. రెండేళ్ల కిందట ముంగారు, అంటే తొలకరి, మొదటి వాన రోజున నా భార్య అంజినమ్మను కాన్పుకు పావగడ ఆసుపత్రికి తీసుకుపోతుంటే, ఇంకో మూడు మైళ్లుందనగా జీపు ఆగిపోయింది. తుడిచి, గీకి, మళ్లీ స్టార్టు చేసేసరికి పావుగంట పట్టింది. బిడ్డ దక్కలేదు. ఆ పాయింట్లను నేను తిట్టని రోజు లేదు. ఇప్పుడామెకు మళ్లీ తొమ్మిదో నెల. ఈసారి జీపు ఆగకూడదు. అంతే.

గురువారం తెల్లవారి ఐదింటికి మా ఊరు బలసముద్రంలో బయలుదేరాను. ఇంట్లో మా అమ్మ తోడుంది.

"రేపు మధ్యాన్నానికి వచ్చేస్తాలే," అన్నాను.

"వానొస్తే?" అంది అంజినమ్మ.

"రానీ. దుక్కి అయ్యుండాది, చెనిక్కాయ విత్తనం ఒలిచి పెట్టినాం. వానొస్తే పండగే గదా!"

ఆమె వాకిట్లో ఉన్న విత్తే గొర్రు వైపు చూసి లోపలికి పోయింది. నాకప్పుడు ఆ చూపు అర్థం కాలేదు.

ఆరింటికి పావగడ బస్టాండు ముందర ఇడ్లీ తిని టీ తాగాను. ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీలో నీళ్లే ఎక్కువ. అక్కడ ఒక పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు. పేరు హనుమంతప్ప, అరసికెరె రైతు, మధుగిరిలో కూతురింటికి పోతున్నాడు. ఎక్కించుకున్నాను. రోడ్డుకు రెండు వైపులా దున్నిపెట్టిన ఎర్రచేలు, ఎక్కడా పచ్చన లేదు. మిడిగేశి దాటాక బండి దగ్గి ఆగింది. దిగి మూత తీసి, అగ్గిపెట్టె గరుకువైపుతో పాయింట్లు రుద్ది, కార్డుముక్క మడిచి సందు కొలిచి బిగించాను. చేతులు పని చేస్తుంటే నోరు తిడుతూనే ఉంది.

"పగోడిని గూడా అట్ల తిట్టరు. ఏం చేసినాయప్పా అవి నిన్ను?" అన్నాడు పెద్దాయన.

చెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అయ్యో పాపం" అని, "తొలి వానంటివే. విత్తే పొద్దు గదా అది?" అన్నాడు.

"ఊఁ," అన్నాను. మూత బిగించి బండి తీశాను. మధుగిరిలో ఆయన దిగిపోయాడు.

కొరటగెరెలో పెట్రోలు పోయించి, దాబస్‌పేటలో అన్నం తిని, ఒంటిగంటకు బెంగళూరు చేరాను. కలాసిపాళ్యం వెనక సందులో షెడ్డు. మేస్త్రీ రహమాన్ మన హిందూపురం మనిషే. మూత తీసి పాయింట్లు, కండెన్సర్ బయట పెట్టాడు. తిరిగే ఇరుసుకు అయస్కాంతపు రింగు తొడిగాడు. దానికెదురుగా వేలెడంత ముక్క బిగించి, అందులోంచి వచ్చిన వైర్లను అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన నల్లపెట్టెకు కలిపాడు. ఆ పెట్టె నుంచి రెండు వైర్లు ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్‌కు. రవ్వ పడే టైమింగ్ చూసి, తాళం తిప్పమన్నాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

"దీంట్లో తాకేది లేదు, అరిగేది లేదు. అయితే స్పార్క్ చూస్తామని ప్లగ్గు వైరు పీకి గాల్లో పట్టుకుంటారే మనోళ్లు, ఆ పని చేసినావో, పెట్టె కాలిపోతాది. ఈ పాత పాయింట్లు పారేయొద్దు. దారిలో పెట్టె చస్తే ఇవే దిక్కు," అని కాగితంలో చుట్టి ఇచ్చాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "కాన్పుకు పోతాంటే ఆగిందంటివే, ఎంతసేపు?"

"పావుగంట."

"పావుగంటకేనా?" అని నా మొహంలోకి చూశాడు. నేను వంగి టైరు చూడడం మొదలుపెట్టాను. టైరుకేమీ కాలేదు.

ఆ రాత్రి షెడ్డు పక్క లాడ్జిలో పడుకుని, శుక్రవారం ఆరింటికి వెనక్కి తిరిగాను. ఎక్కడా దగ్గు లేదు, కుదుపు లేదు. మధుగిరి దాటేసరికి ఆకాశం నల్లబడింది. మిడిగేశి దగ్గర వాన పట్టుకుంది. రోడ్డుకడ్డంగా పారే వంకలో మోకాలెత్తు నీళ్లు. జీపు ఆగకుండా అవతలికి ఎక్కేసింది. ఒక్కడినే గట్టిగా నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను కూడా. ఇదే రెండేళ్ల ముందే పెట్టించి ఉంటే అనుకున్నాను.

పన్నెండింటికి ఊళ్లో దిగాను. మా దగ్గర తెల్లవారుజామునే కురిసి వెలిసిందట. ఊరు ఊరంతా చేలల్లో ఉంది. ముంగారు పదును, అంటే విత్తనానికి సరిపోయే నేల తడి, మా ఎర్రనేలలో రెండు రోజులకు మించి నిలవదు. ఆ రెండు రోజులు పెళ్లయినా చావయినా గొర్రు ఆగదు. మా వాకిట్లో అమ్మ ఎద్దులను కట్టి, గొర్రు సిద్ధం చేసి పెట్టింది.

"యాడ తిరగతా ఉండావురా? పదును ఆరిపోతాంది!" అని అరిచింది.

అంజినమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "పొద్దన్నుంచి నడుము లాగుతాంది," అంది మెల్లగా.

"ఇంగ భయం లేదు. జీపు ఆగేదే లేదు. బిరబిరా పైచేను ఒకటి విత్తేసి..."

"ఆ పొద్దు గూడా ఇదే అంటివి," అంది అంజినమ్మ.

ఎద్దుల పగ్గం అందుకోబోయిన చేయి వెనక్కి తీసుకున్నాను.

"నాకు తెల్లారే నొప్పులొచ్చినాయి. కొంచెం ఓర్చుకోమంటివి. నువ్వు గొర్రు తోలి వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. జీపు ఆగింది పావుగంట. ఊరంతా తిరిగి దాన్నే తిడ్తివి. నేను ఒక్క మాటన్నా అంటినా?"

మా అమ్మ మొహం తిప్పుకుంది. ఆ రోజు ఓర్చుకోమన్న మాటకు ఆమె కూడా ఊఁ కొట్టింది. ఆడలేక మద్దెల ఓడనడం విన్నాను కానీ, రెండేళ్లు అదే పని చేస్తున్నది నేనేనని అప్పుడు తెలిసింది. తెలిసింది అనడం కూడా అబద్ధమే. హనుమంతప్ప అడిగినప్పుడే తెలుసు. మేస్త్రీ చూసినప్పుడే తెలుసు. ఆ తొలిరోజే తెలుసు.

ఎద్దులను విప్పేశాను. "ఏందిరా ఇది!" అని అమ్మ ఒక్కసారి అంది, మళ్లీ తనే లోపలికి పోయి దుప్పటి తెచ్చి జీపు వెనక సీటులో పరిచింది. పన్నెండున్నరకు బయలుదేరాం. దారి పొడుగునా చేలల్లో గొర్రు తోలేవాళ్లు తలలెత్తి చూశారు. ఒంటిగంటన్నరకు ఆసుపత్రి. శనివారం సాయంత్రం ఆడబిడ్డ పుట్టింది. ఏడ్చింది. ఆ ఏడుపు ఎంత గట్టిగా ఉందంటే నర్సమ్మ నవ్వింది.

పదో రోజు ఇంటికి తిరుగు ప్రయాణం. ఉదయం ఎనిమిదింటికి, ఎండ ముదరకముందే. అంజినమ్మ ముందు సీట్లో, ఒళ్లో బిడ్డ. డాష్‌బోర్డు మీది కాగితం పొట్లం విప్పి చూసి, "ఇవేనా?" అంది.

"ఇవే. పాపం, వాటి తప్పేం లేదు," అన్నాను. ఆమె మళ్లీ జాగ్రత్తగా చుట్టి అక్కడే పెట్టింది.

ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇదే. పెట్టె మంచిదే, పెట్టించుకోండి. బలసముద్రం నుంచి పావగడకు జీపులో గంట పడుతుంది. ఆ గంటను తొలి నొప్పికే మొదలుపెట్టండి.

ఊరు దగ్గరపడేసరికి రెండు వైపులా వేరుశనగ మొలకలు సాళ్లు సాళ్లుగా లేచి ఉన్నాయి. మా పైచేను ఒక్కటే ఎర్రగా, బోసిగా ఉంది. ఈ ఏడు అందులో ఏమీ పండదు. నేను జీపు నిలిపాను. ఆమె బిడ్డను ఎత్తి ఆ చేను వైపు చూపించింది.