నేను చేసిన కొబ్బరితోట

అమలాపురంలో కంప్యూటర్లు బిగించి అమ్మే ఆయన దుకాణంలో ఆ రోజు నేను ఒక మాట చెప్పవలసింది. చెప్పలేదు.

మా మేనకోడలి కంప్యూటరు ఆయన దగ్గరే కొన్నారు. నేను పనిచేసే కంపెనీవాళ్ల కంప్యూటర్ గేము విడుదలైందని ఆ పిల్ల సరదాగా వేసుకుంది. అందులోని కొబ్బరితోటలో అడుగుపెడితే చాలు, బొమ్మ ఆగి ఆగి కదిలేది. మిగతా గేములు బాగానే ఆడేవి. ఆ పిల్ల తండ్రి, మా బావగారు, లెక్కల మాస్టారు. పెట్టె ఎత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లారు.

"పాత గ్రాఫిక్స్ కార్డు అంటగట్టేరు కదండీ మాకు!"

"అయ్యబాబోయ్, కొత్తదేనండి మాస్టారూ. సీలు మీ ముందే కదండీ విప్పేను?"

"ఆ సీలూ మీరే వేసుంటారు."

దుకాణం ఆయన నా వైపు తిరిగారు. "ఈ గేము మీ కంపెనీదేనంట కదండీ. మీరే చెప్పండి."

"చూడాలండి" అన్నాను.

చూడటానికేమీ లేదు. ఆ తోట చేసింది నేనే, కొత్తపేటలో మా ఇంట్లో కూర్చుని. కంప్యూటరు మీద బరువు పడకుండా దూరపు చెట్లను ముతకగా చేయమని పైవాళ్లు చెప్పారు. చీపురు గుచ్చినట్టుండే కొబ్బరిచెట్టు చేయడానికి నాకు చేతులు రాలేదు. మట్టలు రాలిన గాట్లు, గెలలో ప్రతి కాయ, ఆకు ఆకుకీ ఈనె, కంటికి ఆననంత దూరపు చెట్లకు కూడా పెట్టాను. కంపెనీ ఇచ్చిన ఖరీదైన మెషీన్‌లో తోట హాయిగా కదిలింది. మామూలు కంప్యూటర్లలో నత్తనడక నడుస్తోందని తెలిసేసరికి విడుదల దగ్గరపడింది. తర్వాత అప్‌డేట్‌లో సరిచేద్దామన్నారు.

అలాగని తప్పంతా నాదేనా? కాలువ నీళ్లు చేసినతను కూడా నాలాగే మురిసిపోతూ చేశాడు. నీడలు చేసినావిడా అంతే. ఎవరి ముక్క వాళ్ల మెషీన్‌లో బాగానే నడిచింది. అన్నీ కలిపి ఓ మామూలు ఇంటి కంప్యూటర్లో నడిపి చూడటం ఎవరి పనో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంతకన్నా నాసి పెట్టెల్లో పాత గేములు ఎలా పరుగెత్తేవో అంతకన్నా అర్థం కాదు.

బావగారు ఊరుకోలేదు, బళ్లో తోటి మాస్టార్లకు చెప్పారు. దుకాణం ఆయన దగ్గర కొనాలనుకున్నవాళ్లు రావులపాలెం వెళ్లి కొనుక్కున్నారు. అక్క ఆ సంగతి గొప్పగా చెబుతుంటే అన్నం సహించలేదు. బావగారిని తీసుకుని మళ్లీ దుకాణానికి వెళ్లాను.

"మళ్లీ ఏమైందండి?" అన్నారాయన, చేతిలో స్క్రూడ్రైవరు కిందపెట్టి.

"మీ కార్డు మంచిదేనండి. అది మోయలేకపోయింది నా చెట్లని."

"చెట్లేంటయ్యా?" అన్నారు బావగారు.

"గేములో తోట నేను చేసిందేనండి, బావగారూ." దుకాణం ఆయన వైపు తిరిగాను. "ఆ రోజే తెలుసండి నాకు. తెలిసీ, మిమ్మల్ని దొంగని చేస్తుంటే నోరు విప్పలేదు. క్షమించండి."