నిలువుటంగీ విడిచిన ఫాదర్

పొద్దుగాల అన్నం వారుస్తుంటే ఫోనొచ్చింది. సోమాజిగూడ దవాఖానల ఫాదర్ పోయిండట. గంజి చేతి మీద పడ్డది సుత తెల్వలే నాకు. అమీర్‌పేట హాస్టళ్ల సందుల ఉన్న నా కర్రీ పాయింట్ ఆ పూట తెరవలే.

మీల మస్తుమంది ఆయన్ని టీవీల చూసే ఉంటరు, పోలీసులు ఎత్తుకపోతుంటే. ముందుగాల చర్చిల పూజలు చేసేటాయన. బస్తీలోళ్ల ఓట్లు గల్లంతైతే వాళ్లెంబడి రోడ్డెక్కిండు. చర్చి కావాల్నా, రోడ్డు కావాల్నా తేల్చుకొమ్మన్నరట చర్చి పెద్దలు. తెల్ల నిలువుటంగీ మడిచి పెట్టెల పెట్టి, పంజాగుట్టల ఒక అర్ర కిరాయికి తీసుకుండు. "నేనిప్పుడు ఫాదర్‌ని కాదు బిడ్డా" అనేటోడు. ఎవరింటరు? మాకు ఫాదరే.

రోజూ నా తాన్నే కూర. మహా నోరు ఆయనది! "ఉప్పు తక్కువైంది" అని పదిమంది ముంగట అనేటోడు. జర మెల్లగ చెప్పరాదా అని కొట్లాడితే నవ్వేటోడు. "కూరల ఉప్పు లేదని అననోడు, సర్కారు తప్పు చేస్తే ఏమంటడు?"

సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం నా దగ్గరికొచ్చిన మా తమ్ముడు ఆయన మాటల్ల పడ్డడు. ఒకనాడు ఆ గల్లంతైన ఓట్ల కోసమని పంజాగుట్ట చౌరస్తల ప్లకార్డు పట్టుకొని నిలబడితే, పోలీసులు బండిల ఎక్కిచ్చి ఠాణకు తోల్కపోయిన్రు. నా పానం నా తాన లేదు. కేసైతే వానికి నౌకరెవడిస్తడు? ఫాదర్ అర్రకు ఉరికి నోటికొచ్చినట్టు తిట్టిన. "నువ్వే చెడగొట్టినవ్ వాణ్ని! ఆ నిలువుటంగీ తొడుక్కొని రా. దాన్ని చూస్తే కుర్చీ వేస్తరు, మావోణ్ని ఇడుస్తరు."

"దాన్ని చూసి ఇడిసిపెడితే, అది లేనోని గతేంది బిడ్డా?"

మండింది నాకు. "నీ నీతులు పాడుగాను! లోపలున్నది నా తమ్ముడు!" అన్న. ఆయన మాసిన చొక్కా మీదనే నా ఎంబడి వచ్చిండు.

ఠాణల ఎస్సై తలకాయ సుత ఎత్తలే. "ఎవడ్రా నువ్వు?"

"పిల్లలను పిలిచింది నేను సార్. రాసేదేదో నా మీద రాసుకోండ్రి. వాళ్లను పంపియ్యండ్రి."

పొద్దుగూకేదాక గోడకు నిలబెట్టిన్రు. ఆఖరికి తమ్ముణ్ని, వాని దోస్తులను బయటికి పంపి, ఆయన్ని లోపలికి తోసిన్రు. ఇయ్యాల మావోడు నౌకరి చేస్తుండంటే అది ఆయన పుణ్యమే.

తమ్ముని చెయ్యి పట్టుకొని బయల్దేరుతూ లోపలికి చూసిన. ఫాదర్ కుడికాలు చాపుకొని నేల మీద కూసున్నడు. ఏండ్ల సంది మోకరించి ప్రార్థన చేసిన కాలాయె, మోకాలు మడతపడదు. కానిస్టేబుల్ లాఠీతో దాని మీద తట్టి, "ముడువ్‌రా" అన్నడు.

"ఆయన ఫాదర్ సార్" అని నా నోటిదాక వచ్చింది. ఆ ఒక్క మాట చాలు, కుర్చీ పడతది. ఆయన నా దిక్కు చూసి, వద్దని తల ఊపిండు. కండ్లు కారుతున్నయి గని, మాట మింగిన.

ఆయన పండ్లు బిగబట్టి, రెండు చేతులతోటి ఆ కాలును పట్టుకొని మెల్లగ ముడుస్తున్నడు.